మూడో రోజున పారేసిన ప్లేట్లు

బీరులో మనిషిని చంపే క్రిమి ఏదీ బతకదు. ఈ ఒక్క మాట ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. విన్నవాళ్లు వెంటనే అడిగే ప్రశ్న మాత్రం ఒకటే. "అయితే నువ్వూ తాగుతావా?"

నేను తాగను. రోజూ పొద్దున పదకొండింటికి ఆరు ట్యాంకుల బీరు ఆరు గ్లాసుల్లో నా ముందు పెట్టేవారు. వాసన చూసి, ఒక్కో గుక్క నోట్లో తిప్పి, ఉమ్మేసి, పుస్తకంలో రాసేదాన్ని. బీరు ఫ్యాక్టరీలో మైక్రోబయాలజిస్టు పని అంటే అది, మిగతా రోజంతా గాజు ప్లేట్లలో క్రిములను పెంచి చూడటం. మా అత్తగారికి ఇది చెప్పుకోదగ్గ పనిగా ఎన్నడూ అనిపించలేదు. "ల్యాబులో చేస్తుందని చెప్పండి, చాలు. ఏ ల్యాబని అడిగితే మాట మార్చండి" అని ఇంటిల్లిపాదికీ చెప్పి పెట్టింది. దాంతో తల్లాడలో ఏ పెళ్లికి వెళ్లినా నలుగురు షుగరు రిపోర్టులు పట్టుకుని నా చుట్టూ చేరేవారు. వాళ్లకు సంజాయిషీ చెప్పలేక, భోజనం చేసిన వెంటనే బస్సెక్కేదాన్ని.

ఇప్పుడు రిటైరయ్యాను. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "మేడం, ప్లేట్ల మీద ఏమీ రాలేదంటే ట్యాంకు బాగున్నట్టేగా?" అని అడిగింది. చాలా కోపం వచ్చింది. ఆ కోపం ఆమె మీద కాదు. అదే ప్రశ్నకు నేను ఒకప్పుడు తల ఊపాను. దానివల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది. అది ఎలా జరిగిందో ఈ పనిలోకి వచ్చేవాళ్లు తెలుసుకోవాలి. ప్రమోషన్లూ ఆడిట్లూ రాయబోవటం లేదు, వాటి వల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

పీడ

దాని పేరు పీడియోకోకస్. నోరు తిరగక మా ఫ్యాక్టరీలో అందరూ "పీడ" అనేవారు. అంత సరైన పేరు పుస్తకాల్లో కూడా లేదు.

పాలను పెరుగు చేసే క్రిములకు ఇది దగ్గరి చుట్టం. చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం చేస్తుంది, అందుకే పులుపు. మైక్రోస్కోపులో చూస్తే నాలుగు గచ్చకాయలు దగ్గరగా పెట్టినట్టు నాలుగేసి గుండ్లు కనిపిస్తాయి. ఆ నాలుగింటినీ ఒకసారి చూస్తే ఇక మరచిపోలేరు. గాయాల మీద పోసే పెరాక్సైడు చుక్క వేస్తే చాలా క్రిములకు నురగ వస్తుంది, దీనికి రాదు. గ్యాసు కూడా చెయ్యదు, కాబట్టి సీసా మూత ఉబ్బదు. పైకి చూస్తే బీరు బాగానే ఉన్నట్టుంటుంది.

బీరులో వేసే హాప్స్ అనే చేదుపువ్వు చాలా క్రిములను చంపుతుంది. ఈ పీడను చంపదు. బీరులోని ఆల్కహాలు కూడా దీన్ని ఆపదు. గాలి లేకపోతే దీనికి మరీ సంతోషం. పైగా చల్లదనం కావాలి. ఖమ్మం ఎండల్లో మనుషులం మాడిపోతుంటే ఇది చల్లటి ట్యాంకుల్లో హాయిగా పెరుగుతుంది. అది కూడా తీరుబడిగా పెరుగుతుంది. మామూలు క్రిమి ఒక్క రాత్రిలో ప్లేటు మీద చుక్కగా కనబడితే, దీనికి వారం కావాలి. ఒక్కోసారి పది రోజులు.

ఇది బీరుకు చేసే పాపం రెండు రకాలు. ఒకటి వెన్న కాచినట్టు వాసన. పిండివంటల దగ్గర అదే వాసనకు నోరూరుతుంది, బీరులో వస్తే గ్లాసు పక్కన పెట్టేస్తారు. రెండోది జిగురు. అన్ని జాతులూ ఇది చెయ్యవు, చేసేది తగిలిందంటే బీరు తీగలు సాగుతుంది. తాగితే ఏ రోగమూ రాదు. ఆ మాట చెప్పినా ఎవరూ నమ్మరు.

భద్రాచలం నుంచి వచ్చిన సీసాలు

మా ఫ్యాక్టరీ తల్లాడ దాటి కొత్తగూడెం పోయే దారిలో, జామాయిల్ తోటలు మొదలయ్యే చోట ఉండేది. మాకు ఎండాకాలమే పంటకాలం. ఏడాది అమ్మకంలో సగం ఆ మూడు నెలల్లోనే. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో ఎవరితోనైనా మాట్లాడాలంటే వాళ్ల వెంట నడుస్తూ మాట్లాడాల్సిందే.

అలాంటి ఒక ఏప్రిల్ పొద్దున భద్రాచలంలో వైన్ షాపు నడిపే వెంకట్రావు అనే ఆయన అట్టపెట్టెలో పన్నెండు సీసాలు పెట్టుకుని జీపులో వచ్చాడు. సేల్సు వాళ్లు ఎవరూ దొరకక నా ల్యాబులోకి వచ్చి కూర్చున్నాడు. ఒక సీసా మూత తీసి గ్లాసులో పోశాడు. చివర్లో బీరు తెగకుండా సన్నని తీగలా సాగి, గ్లాసు అంచు మీద వేలాడింది.

"ఏందమ్మా ఇది? బీరా, బెండకాయ జిగురా?"

నేను వాసన చూశాను. వెన్న.

"దుమ్ముగూడెం నుంచి వచ్చినోళ్లు నా కౌంటర్ మీద పోసి చూపిచ్చిండ్రు. కడుపులో నొప్పంటున్నడొకడు. మందు కలిపినవా అని అడుగుతున్నరు. నేను ఏం చెప్పాలె?"

"కడుపునొప్పి దీనివల్ల రాదండీ. దీనిలో మనిషికి చెడు చేసేది ఏమీ ఉండదు" అన్నాను.

"అట్లయితే మీరొకటి తాగి చూపియ్యండి" అన్నాడాయన.

నేను తాగలేదు. ఆయన ఆ సంగతి ఊరంతా చెప్పాడని తర్వాత తెలిసింది.

సున్నా

ఆ రోజుల్లో మా బ్రూవరు, అంటే బీరు తయారీకి పెద్ద, ప్రభాకరం గారు. ఆయన ముక్కు గొప్పది. ట్యాంకు మూత దగ్గర నిలబడి ఇంకా ఎన్ని గంటలు పడుతుందో చెప్పేవారు. నాకు పని నేర్పింది ఆయనే. ఆ గౌరవం ఇప్పటికీ పోలేదు, ఆయన మీద విసుగూ పోలేదు. మంచి పనివాళ్లు సీజను భయంలో పడితే ఎలా అవుతారో ఆయన్ని చూశాకే తెలిసింది.

నేను వెంకట్రావు సీసాల నుంచీ, బీరును పులియబెట్టే ఈస్టు తొట్టి నుంచీ, ఆరు ట్యాంకుల నుంచీ శాంపిళ్లు తీసి ప్లేట్లు వేశాను. బీరువాలో ఉన్న పద్ధతుల పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది: గాలి తగలకుండా, ఏడు రోజులకు తక్కువ కాకుండా ఉంచాలి అని. నేను దాన్ని చదివాను. చదవలేదని చెప్పుకునే అదృష్టం కూడా నాకు లేదు.

రెండో రోజు సాయంత్రం ప్రభాకరం గారు వచ్చారు.

"అమ్మా సుగుణా, ఏమైనా వచ్చిందా?"

"ఇంకా లేదు సార్. ఏడు రోజులు ఆగాలి."

"ఏడు రోజులు ఆగితే ఎండాకాలం అయిపోతుంది. ఎల్లుండి జనరల్ మేనేజర్ మీటింగు. మూడు రోజుల్లో రానిది ఏడు రోజుల్లో ఏం వస్తుంది?"

మూడో రోజు చూశాను. ప్లేట్లు అద్దాల్లా ఉన్నాయి. వాటిని ఆవిరితో క్రిములను చంపే కుండలో వేసి, పారేసి, "పెరుగుదల లేదు" అని రాసి సంతకం పెట్టాను.

మీటింగులో జనరల్ మేనేజర్ ఒకటే అడిగారు. "క్రిమి ఉందా, లేదా?"

"పెరుగుదల కనపడలేదు సార్."

"అంటే లేదు."

నేను తల ఊపాను. అక్కడే అంతా జరిగిపోయింది. క్రిమి లేకపోతే మరి తప్పు ఎక్కడుంది? ప్రభాకరం గారు ఫైలు మూసి, "కడిగిన సోడా సరిగ్గా పోకపోతే ఇలాగే జిగురు వస్తుంది సార్. ట్యాంకులు కడిగే మనిషిని చూడాలి" అన్నారు.

ట్యాంకులు కడిగే మనిషి పేరు సక్రు. ఫ్యాక్టరీకి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న తండా నుంచి సైకిలు మీద వచ్చేవాడు. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే చేస్తున్నాడు. కడిగాక చివరి నీళ్లు దోసిట్లో పట్టి నాలుకకు తగిలించి చూసుకునేవాడు, సోడా ఉంటే జారుతుందని. అలా చెయ్యొద్దని నేనే రెండుమూడు సార్లు తిట్టాను. ఆ మనిషి కడగలేదని మీటింగులో అంటుంటే నేను నా పెన్ను మూత చూసుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు గేటు దగ్గర అతన్ని ఆపేశారు. నేను ల్యాబు కిటికీలోంచి చూసి కిందికి వెళ్లాను.

"మేడం, ఈస్టు తొట్టి కాడ నెల సంది వెన్నపూస వాసనొస్తుంది" అన్నాడు సక్రు. గొంతు పెంచలేదు. "పెద్దసారుకు చెప్పిన. నీకు కడుగుడు పని, వాసన సంగతి నీకెందుకన్నడు. మీరు జర చూడుండ్రి."

"చూశాను సక్రూ. ఏమీ రాలేదు."

"రాలేదా?" అన్నాడు. నా మొహంలోకి కాసేపు చూశాడు. "గట్లనా. మంచిది మేడం." సైకిలు తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఒక మాట. ట్యాంకుల మధ్య రోజుకు ఎనిమిది గంటలు తిరిగే మనిషి ముక్కు, మీ ప్లేట్లను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరు కన్నా ముందు మేల్కొంటుంది. నేను మాత్రం ఎమ్మెస్సీ చదివానన్న ధీమాతో దాన్ని పక్కన పెట్టాను. పొద్దున గ్లాసుల్లో వెన్న వాసన కాస్త తగిలినా, పచ్చి బీరులో అది మామూలేనని రాసేదాన్ని.

ఊరగాయ జాడీ

సక్రు జాగాలో కొత్త మనిషిని పెట్టారు. సోడా కడిగాక నీళ్లు రెండింతలు పోయించారు. మూడు వారాలకు పాల్వంచ నుంచి మళ్లీ సీసాలు వచ్చాయి. అదే వెన్న, అదే తీగ. ప్రభాకరం గారు కొత్త మనిషిని కూడా తిట్టారు. ఇంక ఎవరిని తీసేస్తారోనని ఎదురుచూడటం తప్ప ఎవరికీ ఏమీ తోచలేదు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనం మానేసి ఆ పుస్తకం మళ్లీ తీశాను. ఏడు రోజుల వాక్యం కింద, నేను ఎన్నడూ పట్టించుకోని ఇంకో వాక్యం ఉంది. ఈ క్రిమిని ఇరవై అయిదు డిగ్రీల దగ్గర పెంచాలి, ముప్పై అయిదు దాటితే పెరగదు అని. నా ఇంక్యుబేటరు ముప్పై ఏడు మీద ఉంది. చేరిన రోజు నుంచీ ముప్పై ఏడు మీదే ఉంది. అంతకుముందు నేను ఖమ్మంలో ఒక దవాఖానా ల్యాబులో చేశాను. అక్కడ వెతికేది మనిషికి రోగం తెచ్చే క్రిములను. వాటికి మనిషి ఒంటి వేడి కావాలి. ఆ అలవాటును బీరులోకి మోసుకొచ్చాను. అంటే నేను ప్లేట్లను నెలరోజులు ఉంచినా ఏమీ వచ్చేది కాదు. పీడను పెంచి చూద్దామని, దాన్ని ఉడకబెట్టినంత పని చేశాను.

సీసాల నుంచి వేసిన ప్లేట్లు మాత్రం ఏ వేడి దగ్గర పెట్టినా ఏమీ చూపవని కూడా అప్పుడే తట్టింది. నింపి మూత వేసిన సీసాలను మేము వేడినీళ్లలో నడిపిస్తాం. ఆ వేడికి క్రిమి చస్తుంది. అది అప్పటికే చేసిన వాసన, జిగురు ఎక్కడికి పోతాయి?

గాలి లేకుండా పెంచే పరికరం మాకు లేదు. ఇంట్లోంచి మూత గట్టిగా పట్టే గాజు ఊరగాయ జాడీ తెచ్చాను. ఈస్టు తొట్టి శాంపిలుతో ప్లేట్లు వేసి, జాడీలో పేర్చి, పైన చిన్న కొవ్వొత్తి వెలిగించి మూత పెట్టాను. గాలి చాలక కొవ్వొత్తి కాసేపటికి ఆరిపోయింది. ఇంక్యుబేటరును నమ్మకుండా జాడీని ఏసీ గదిలో, థర్మామీటరు పక్కన పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు ఏమీ లేదు. అయిదో రోజూ లేదు. ఎనిమిదో రోజు పొద్దున ప్లేటును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సూదిమొనంత తెల్లచుక్కలు. ఒకటి తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. నాలుగు గుండ్లు. పక్కన మరో నాలుగు. కళ్లు చెదిరేదాకా చూశాను, ఇంకేదైనా కనిపిస్తే బాగుండునని. అవే ఉన్నాయి.

ఈస్టు సంగతి ఇక్కడ చెప్పాలి. బీరును పులియబెట్టేది ఈస్టే. ఒక ట్యాంకులో పని అయ్యాక దాన్ని తీసి తర్వాతి ట్యాంకులో వేస్తాం, పెరుగుకు తోడు పెట్టినట్టే. తోడు పాడైతే రేపటి పెరుగూ పాడే, ఎల్లుండిదీ పాడే. అందుకే కొన్ని సార్లు వాడాక పారేసి కొత్తది పెంచుకోవాలి. కొత్తది పెంచాలంటే పది రోజుల పైన పడుతుంది. ఆ ఎండాకాలం ప్రభాకరం గారు పాతదాన్నే లాగుతూ వచ్చారు. సక్రు ఎన్ని ట్యాంకులు ఎంత శుభ్రంగా కడిగినా, కడిగిన ప్రతి ట్యాంకులోనూ మేమే పీడను పోస్తున్నాం.

రెండు వాక్యాలు

ప్లేట్లు చూసి ప్రభాకరం గారు కుర్చీలో కూలబడ్డారు. వాదించలేదు. ఆయనకు పని తెలుసు.

"సరే, ఈస్టు పారబోయిద్దాం" అన్నారు. "రిపోర్టులో కొత్తగా వచ్చిందని రాయి. పాతదాన్ని కదిలించకు."

"పాతది తప్పు సార్."

"తప్పని రాస్తే నీ సంతకం మీదికే వస్తుందమ్మా."

"సంతకం నాదే కదా సార్."

ఈ మాట ధైర్యంగా అన్నట్టు కనిపిస్తుంది గానీ, రాసిన కొత్త రిపోర్టు రెండు రోజులు నా డ్రాయరులోనే ఉంది. పిల్లల ఫీజులు, ఇంటి కిరాయి, అత్తగారి మొహం అన్నీ గుర్తొచ్చాయి. మూడో రోజు తీసుకెళ్లి జనరల్ మేనేజర్ బల్ల మీద పెట్టాను. చివర్లో రెండు వాక్యాలు రాశాను. గత రిపోర్టులో వాడిన వేడి, రోజులు ఈ క్రిమికి సరిపోవు, కాబట్టి ఆ రిపోర్టు చెల్లదు. ట్యాంకులు కడగటంలో లోపం ఉన్నట్టు ల్యాబు దగ్గర ఏ ఆధారమూ లేదు.

ఆయన చదివి, "ఇది ఇప్పుడు అవసరమా?" అన్నారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే.

ఈస్టు పారబోశారు. సీజను నడిమధ్య ఫ్యాక్టరీ రెండు వారాలు ఆగింది. కొత్త ఈస్టుతో వచ్చిన బీరులో వెన్న వాసన లేదు. నాకు హెచ్చరిక లేఖ ఇచ్చారు. ప్రభాకరం గారిని ఇంకో పెద్ద ఫ్యాక్టరీకి పంపారు, హోదా పెంచి. వీడ్కోలు సభలో శాలువా కప్పుతుంటే నేనూ చప్పట్లు కొట్టాను. సక్రును మళ్లీ పిలవమని ఆఫీసులో నాలుగుసార్లు అడిగాను. కాంట్రాక్టు మనిషిని మేము తీసెయ్యలేదు కాబట్టి మేము తీసుకోలేము అన్నారు. కాంట్రాక్టరును అడిగితే, ఫ్యాక్టరీ వద్దన్నాక నేనేం చెయ్యను అన్నాడు. ఎవరూ తీసెయ్యకుండానే ఒక మనిషి ఉద్యోగం పోవచ్చని అప్పుడు తెలిసింది.

తండాలో

సక్రు సారపాకలో కాగితం మిల్లుకు వచ్చే జామాయిల్ కర్ర దించే పనికి పోతున్నాడని తెలిసి, ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లాను. మిల్లు రోడ్డులో టీ బండి దగ్గర దొరికాడు. భుజాల మీద తువ్వాలు వేసుకుని ఉన్నాడు, మెడ దగ్గర చర్మం లేచిపోయింది. బల్ల తుడిచి నన్ను కూర్చోమన్నాడు.

చెప్పాల్సింది చెప్పాను. వేడి సంగతి, రోజుల సంగతి, జాడీ సంగతి. అతను టీ తాగుతూ విన్నాడు.

"ఈస్టు తొట్టేనా?"

"అవును. నువ్వు చెప్పిందే."

"నాకు ఎరికే మేడం" అన్నాడు. "గిప్పుడు ఎవరికి చెప్పాలె? తండాల నన్ను బీరు ఖరాబు చేసినోడంటరు. నవ్వుకుంటనే అంటరు. నా బిడ్డకు సంబంధం చూడవోతే ఆళ్లూ గదే అడిగిండ్రు. ఏందయ్యా, ఫ్యాక్టరీల ఏదో కలిపినవంట గదా అని."

మళ్లీ పనిలోకి తీసుకునేలా ఇంకోసారి అడుగుతానన్నాను.

"వద్దు. గా కాయితం ఉంది గదా, మీరు రాసింది. మా తండాకొచ్చి సదువుండ్రి. గంతే."

తర్వాతి ఆదివారం పొద్దున వెళ్లాను. సక్రు ఇంటి ముందు మంచం వేశారు. పాతికమంది దాకా చేరారు. రిపోర్టు ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఒక్కో ముక్కా తెలుగు చేసి చెప్పాను. మధ్యలో ఒకతను వాళ్ల భాషలో పెద్దవాళ్లకు చెప్తున్నాడు. పీడ పేరు వచ్చినప్పుడు పిల్లలు నవ్వారు. పెరుగు తోడు సంగతి చెప్పినప్పుడు ఆడవాళ్లు తలలు ఊపారు, వాళ్లకు అంతకుమించి వివరించాల్సిన పని పడలేదు. కడగటంలో తప్పులేదు అన్న వాక్యాన్ని ఒకాయన రెండోసారి చదవమన్నాడు. చదివాను. సక్రు గుంజకు ఆనుకుని నిలబడి తన కాళ్ల వైపు చూసుకుంటున్నాడు.

అంతా అయ్యాక, అతని తల్లి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. చేతుల నిండా తెల్లటి గాజులు, కళ్లకు అద్దాలు.

"ఎనిమిది దినాలకు కనబడ్డదంటివి?"

"అవునమ్మా."

"మూడు దినాలకే లేదని ఎట్ల చెప్పినవ్ బిడ్డా?"

"తొందరపడ్డానమ్మా."

"ఎవలికి తొందర?" అని అడిగింది.

ప్రభాకరం గారి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. సీజను, మీటింగు, జనరల్ మేనేజరు, అన్నీ వచ్చాయి. ఆమె నా జవాబు కోసం చూస్తోంది, ఏ కోపమూ లేకుండా, తెలుసుకుందామన్నట్టు.

"నాకే" అన్నాను.